జానెడు డీజిల్ బండి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పదవీ విరమణ తర్వాత కాలక్షేపం" అన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. ఈ విషయం మీద మాట్లాడేవాళ్ళు మామూలుగా ఉదయపు నడక గురించో, గీతా పారాయణం గురించో, పెరటి మొక్కల గురించో చెబుతారు. అవన్నీ మంచివే. నేను మాత్రం ఒక బొమ్మ రైలింజను గురించి చెప్పబోతున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి. మా ఆవిడ రెండేళ్ళుగా నవ్వుతూనే ఉంది, నాకు అలవాటైపోయింది. అయితే దీన్లో నా తప్పు ఒకటి ఉంది. అది ఈ సభలోనే చెప్పాలని వచ్చాను. అందుకని కాస్త ఓపిక పట్టండి.

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా అబ్బాయి ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. "నాన్నా, పాత రైలు బొమ్మలు అమ్మేచోట కనిపించింది. నడవదట. నువ్వు ఏమైనా చేస్తావేమోనని తెచ్చాను" అన్నాడు. విప్పి చూస్తే జానెడు పొడవున డీజిలింజను. జపాన్‌లో కాటో కంపెనీ తయారుచేసి, అమెరికాలో అట్లాస్ పేరు మీద అమ్మిన నమూనా. 1980ల నాటిది. అంటే అది కూడా ఇంచుమించు నాలాగే సర్వీసు పూర్తి చేసుకున్నదన్న మాట. రంగు అక్కడక్కడ లేచిపోయింది, ఒక పక్క చేతికమ్మీ విరిగింది. అమెరికాలో ఏదో రైల్వే వారి రంగులు, మనకు తెలియని పేరు.

నేను పైన చూడలేదు. అలవాటు కొద్దీ తిరగేసి కింద చూశాను. ముప్పై ఏళ్ళు పిట్ లైనులో నిలబడి బండ్లను కిందనుంచి చూసినవాణ్ణి గదా! ఒక్కో బోగీకి మూడేసి ఇరుసులు. ఆ మూడూ సమానమైన ఎడంతో లేవు. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా ఉన్నాయి. అది చూడగానే నా గుండె ఝల్లుమంది. "ఇది మన ఆల్కో బోగీయేరా!" అని పైకే అనేశాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరొచ్చారు?" అని అడిగింది. చుట్టం వచ్చాడనే చెప్పాను.

ఇక్కడ పిల్లల కోసం నాలుగు మాటలు చెప్పాలి. మనం షెడ్డులో ఏళ్ళ తరబడి సాకిన డబ్ల్యూ.డి.ఎం.2 బండ్లు పుట్టింది అమెరికాలో. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, డి అంటే డీజిలు, ఎం అంటే ప్యాసింజరుకూ గూడ్సుకూ కూడా పనికొచ్చేది. న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ అనే ఊళ్ళో అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ ఉండేది. దాని పొట్టి పేరే ఆల్కో. మొదటి బండ్లు 1962లో అక్కడినుంచి ఓడల మీద వచ్చాయి. 1964 జనవరిలో వారణాసి డీజిలు కర్మాగారం నుంచి మన దేశంలో చేసిన మొదటిది బయటికొచ్చింది. పదహారు సిలిండర్ల ఇంజను, 2,600 అశ్వశక్తి, బరువు దాదాపు 113 టన్నులు. అసలు కంపెనీ 1969లోనే మూతపడింది. కన్నతల్లి పోయినా పెంచిన తల్లి పెంచినట్టు, మనవాళ్ళు మాత్రం 1990ల దాకా ఆ బండ్లు తయారుచేస్తూనే వచ్చారు.

మా అబ్బాయి తెచ్చినది దానికి పెద్దన్న లాంటిది. 1950లలో ఆల్కో వారు చేసిన ఆర్.ఎస్.డి. రకం, 1,600 అశ్వశక్తిది. మన బండి అచ్చం కాదు. క్యాబ్ కిటికీలు వేరు, హుడ్ పక్క తలుపులు వేరు. కానీ బోగీలు ఒకే ఇంటివి. ముఖాలు వేరైనా నడకలో పోలిక దాగదు గదా. ఈ బండికి మన షెడ్డు రంగులు వేసి నడపాలి అని ఆ రోజే సంకల్పం చెప్పుకున్నాను.

ఈ కొలతను హెచ్.ఓ. అంటారు. అసలు బండిలో 87వ వంతు. మన డబ్ల్యూ.డి.ఎం.2 బఫర్ల మధ్య పదిహేడు మీటర్ల పైచిలుకు. 87తో భాగిస్తే ఇరవై సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ కొలతలో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది అమెరికా గేజికి లెక్క. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు గనక లెక్క ప్రకారం పంతొమ్మిది పైన రావాలి. అంటే మన రంగులు వేసినా కాళ్ళు కాస్త దగ్గరగా పెట్టుకుని నడుస్తుంది. ఇంజనీర్లు క్షమించాలి.

ముందు యంత్రం సంగతి. పైనున్న ప్లాస్టిక్ పెంకు ఊడదీస్తే మధ్యలో మోటారు. దానికి రెండు వైపులా ఫ్లైవీలు. అక్కణ్ణుంచి సన్నటి షాఫ్టులు రెండు బోగీలకూ పోతాయి. బోగీ పైన వర్మ్ గేరు, దాని కింద పళ్ళ చక్రాలు. నలభై ఏళ్ళ నాటి గ్రీజు ఎండిపోయి పాత బెల్లంపాకంలా గట్టిపడింది. కరెంటు ఇస్తే మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. "ఇది చచ్చిన బండి కాదు, ఓవర్‌హాలు లేని బండి" అనుకున్నాను. గేర్లన్నీ విప్పి, పాత టూత్‌బ్రష్షుతో స్పిరిటు పెట్టి కడిగాను. బేరింగుల దగ్గర సూదిమొనతో ఒక్కొక్క చుక్క, ప్లాస్టిక్కును తినని సన్న నూనె వేశాను. వర్మ్ మీద ఆవగింజంత గ్రీజు పెట్టాను. మొదటిసారి షెడ్డు లెక్కన ధారాళంగా నూనె పోశాను లెండి. అది చక్రాల మీదికి కారి, పట్టాలు జిడ్డై, బండి ఉన్నచోటే కూర్చుంది. మళ్ళీ విప్పాను. చిన్న బండికి చిన్న చేయి కావాలని అప్పుడు తెలిసింది.

మోటారు తిరిగింది. ఆ చిన్న శబ్దం విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక రంగు. ఇక్కడే నా అసలు కథ మొదలవుతుంది.

పాత రంగు తీయాలి. షెడ్డులో ఏం చేసేవాళ్ళం? కాటన్ వేస్టు మీద థిన్నరు పోసి తుడిచేవాళ్ళం. నేనూ అదే చేశాను. ఇది ఇనుము కాదు, ప్లాస్టిక్కు అన్న సంగతి చెయ్యికి గుర్తు లేదు. ఒక్క తుడుపు తుడిచేసరికి క్యాబ్ కప్పు మెత్తబడి, నా బొటనవేలి ముద్ర దాని మీద అచ్చుపడింది. పింఛను కాగితాల మీద కూడా అంత స్పష్టమైన ముద్ర నేను వేయలేదు. గట్టిపడ్డాక నీళ్ళ ఎమిరీ కాగితంతో ముందు ఆరువందల నంబరు, తర్వాత వెయ్యి పెట్టి రుద్దాను. చాలావరకు పోయింది. వెలుగులో వంచి చూస్తే ఒక గీత ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని అలాగే ఉంచాను.

ఈ పని చేయాలనుకునే వారికి మనవి ఏమిటంటే, థిన్నరు జోలికి పోకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అని మందుల షాపులో దొరుకుతుంది. దాన్ని ముందు పెంకు లోపలి వైపు ఒక మూల రాసి, ప్లాస్టిక్కుకు ఏమీ కాలేదని చూసుకోండి. తర్వాత పెంకును నానబెట్టి మెత్తటి బ్రష్షుతో రుద్దితే పాత రంగు పొరలుగా వస్తుంది. కిటికీ తెరిచి పెట్టండి, దగ్గర్లో పొయ్యి ఉండకూడదు, పిల్లల్ని రానివ్వకండి. తర్వాత గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఆ పైన వేలు తగలకూడదు. వేలి జిడ్డు తగిలినచోట రంగు పట్టదు. నేను పెంకును ఒక చెక్కముక్కకు తొడిగి, ఆ చెక్క పట్టుకుని పని చేశాను.

బూడిదరంగు ప్రైమరు పల్చగా కొట్టాను. మన షెడ్డు రంగులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఎర్రమట్టి లాంటి ముదురు ఎరుపు, మధ్యలో మీగడరంగు పట్టీ. షెడ్డులో లాగే ముందు ఎరుపు వేశాను. మర్నాడు పొద్దున్నే పట్టీ కోసం పైనా కిందా మాస్కింగ్ టేపు అంటించి, మీగడరంగు వేశాను. శ్రావణమాసం, తెనాలి గాలి, పైగా ఆ వారమంతా ముసురు. రంగు పైకి ఆరినట్టు కనిపించింది గాని లోపల పచ్చిగా ఉంది. నాకేమో తొందర. మర్నాడు మనవడు వస్తాడు, వాడు వచ్చేసరికి బండి తయారుగా ఉండాలి. టేపు లాగాను. టేపుతో పాటు కింది ఎరుపు కూడా ఉల్లిపొరలా లేచి వచ్చింది.

ఆ ఊడిన టేపును చేతిలో పట్టుకుని నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. బొమ్మ పాడైందని కాదు. ఈ దృశ్యం నేను ఇంతకుముందు చూశాను.

1988 డిసెంబరులో జరిగిన సంగతి. అప్పుడు నేను చార్జ్‌మన్‌ని. మర్నాడు పెద్ద అధికారి తనిఖీ. రంగు వేయవలసిన బండి ఒకటి ఉంది. 17తో మొదలయ్యే ఐదంకెల నంబరు, మీలో కొందరికి గుర్తుండవచ్చు. మన పెయింటరు మేస్త్రి గారు ఎరుపు వేసి, "ఇంకొక్క రోజు ఆరనివ్వండి, మంచు పడుతోంది, పట్టీ రేపు వేస్తాను" అన్నారు. నేను ఒప్పుకోలేదు. "పొద్దున్నకల్లా బండి బయట నిలబడాలి" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా రాత్రంతా కూర్చుని పట్టీ వేశారు. తెల్లవారుజామున టేపు తీస్తే ఇదే సంగతి. మూరల కొద్దీ ఎరుపు లేచి వచ్చింది. అధికారి చూశారు, కారణం అడిగారు. నేను కాగితం మీద "పెయింటరు అజాగ్రత్త" అని రాసి సంతకం పెట్టాను. ఆయనకు ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆగింది.

ఆ మాట రాసేటప్పుడు అది అబద్ధమని నాకు పూర్తిగా తెలుసు అని కూడా చెప్పలేను. రంగు పని నాకు తెలియదు. ఆయన పనిలో ఏదో లోపం ఉండే ఉంటుందని నా మనసుకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటూ ముప్పై ఆరేళ్ళు గడిపాను. చివరికి నా చేత్తో నేను రంగు వేసి, నా తొందరకు నేను టేపు లాగితే గాని తెలియలేదు, ఆ రోజు అజాగ్రత్త ఎవరిదో.

పది రోజులు తటపటాయించాను. చివరికి బండిని చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కి ఆయన ఊరు వెళ్ళాను. ఆయనకు ఎనభై దాటాయి. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, "రండి చార్జ్‌మన్ గారూ" అన్నారు. నేను అసిస్టెంటు ఇంజనీరుగా రిటైరయ్యానని ఆయనకు తెలుసు. అయినా ఆయన దృష్టిలో నేను ఆ రాత్రి చార్జ్‌మన్‌నే. వాళ్ళావిడ మంచినీళ్ళు ఇచ్చి, "బాగున్నారా అన్నయ్య గారూ" అని అడిగింది. ఆ గ్లాసు పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, సంచిలోంచి బండి తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఊడిన చోట గోటితో నెమ్మదిగా తడిమారు.

"ఆరకముందే లాగారా?" అన్నారు.

"లాగాను మేస్త్రి గారూ. ఇప్పుడే కాదు. అప్పుడు కూడా లాగించింది నేనే. మీ మీద రాసిన మాట తప్పు. అది చెప్పడానికే వచ్చాను" అన్నాను.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "ఇంక్రిమెంటు సంగతి ఎప్పుడో మరిచిపోయానండీ. ఆ ఏడాది మా పెద్దమ్మాయి పెళ్ళికి కాస్త ఇబ్బంది పడ్డాం, అంతే. కానీ ఆ బండి అట్లా ఊడిన రంగుతో నెల రోజులు లైను మీద తిరిగింది చూశారూ, అది మరవలేదు. స్టేషనులో ఎవరన్నా చూసి, 'ఇది ఫలానా వాడు వేసిన రంగు' అనుకుంటారు గదా!"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇవాళ కూడా లేదు. క్షమించానని ఆయన అనలేదు, నేను అడగలేదు. ఆయన బండిని అటూ ఇటూ తిప్పి, "అయినా పట్టీ తప్పు వేశారు" అన్నారు.

నేను ఆశ్చర్యపోయాను. ముప్పై ఏళ్ళు ఆ బండ్ల మధ్య తిరిగినవాణ్ణి. పట్టీ ఈ చివర నుంచి ఆ చివరికి తిన్నగా పోతుందని నాకు బాగా గుర్తు. ఆయన నవ్వి, "మీరు ఎప్పుడూ పిట్‌లో ఉండేవారు. మీకు బోగీలు తెలుసు. పైన ఏముందో మీకేం తెలుసు?" అన్నారు. పట్టీ షార్ట్ హుడ్ ముందుకు వచ్చేసరికి రెండు పక్కలనుంచీ కిందికి వాలి, మధ్యలో బాణంమొనలా కలుస్తుందట. లోపలికి వెళ్ళి ఒక పాత ఫోటో తెచ్చారు. ఆయన రిటైరైన రోజు దండలు వేసుకుని బండి ముందు తీయించుకున్నది. ఆ బాణంమొన స్పష్టంగా ఉంది. ఆయన పక్కనే దండ పట్టుకుని నిలబడినది నేను!

మిత్రులారా, మన జ్ఞాపకం మీద మనకు ఉండే నమ్మకం ఎంత పలచనిదో ఆ రోజు తెలిసింది. ఎదురుగా నిలబడి కూడా చూడలేదు నేను.

ఆ మధ్యాహ్నం అక్కడే భోజనం చేశాను. ఆయన చెప్పిన పాఠం నేను కాగితం మీద రాసుకున్నాను. మీకూ చెబుతాను. చిన్న బండికి లేతరంగు ముందు వేయాలి, ముదురురంగు తర్వాత. పట్టీ రావలసిన చోట మీగడరంగు వేసి, రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి, పట్టీ వెడల్పున దాని మీద టేపు అంటించాలి. టేపు అంచు వెంట మళ్ళీ అదే మీగడరంగును పల్చగా ఒకసారి రాయాలి. అంచులో సందు ఉంటే ఆ రంగే దాన్ని పూడుస్తుంది, తర్వాత వేసే ఎరుపు లోపలికి పాకదు. ఎరుపు ఒకేసారి దట్టంగా వేయకూడదు, మూడు నాలుగు పల్చటి పూతలుగా వేయాలి. టేపును పైకి కాదు, వెనక్కి మడిచి, పెంకుకు ఆనించినట్టుగా మెల్లగా లాగాలి. ముసురు రోజు రంగు డబ్బా మూత తీయనే కూడదు. ఆరేటప్పుడు దుమ్ము పడకుండా పైన బేసిను బోర్లించాలి.

ఇంకొక రహస్యం కూడా చెప్పారు. "అసలు బండి రంగే తెచ్చి వేస్తే చిన్నదాని మీద ముదురుగా, మొద్దుగా కనిపిస్తుంది. కాస్త తెలుపు కలపండి" అన్నారు. బొమ్మ రైళ్ళు చేసే విదేశీయులు కూడా ఈ మాటే చెబుతారని తర్వాత మా అబ్బాయి వల్ల తెలిసింది. ఈయన ఏ పుస్తకమూ చదవలేదు. ఊరి గుడి గోపురం మీద బొమ్మలకు రంగు వేసిన చెయ్యి అది.

ఇంటికొచ్చి మొత్తం రంగు తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఇరవై రెండు రోజులు పట్టింది. చక్రాలు పట్టాన్ని తాకే చోట మాత్రం రంగు పడకూడదు, పడితే కరెంటు అందదు. నంబరు అంకెల ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు. నా చెయ్యి వణుకుతుంది. మేస్త్రి గారి కన్ను ఆనదు. కాబట్టి ఆ పని మా మనవడికి అప్పగించాం. ఆయన ఫోనులో చెబుతుంటే వాడు సన్నని కుంచెతో రాశాడు. 7 అంకె కాస్త వంగింది. మన షెడ్డులో మాత్రం అన్నీ నిటారుగా ఉండేవా ఏమిటి? పైన మెరుపు తగ్గించే వార్నిష్ ఒక పూత వేసి, పొగగొట్టం చుట్టూ నల్ల చాక్‌పీసు పొడి వేలితో అద్దాను. నాచ్ పెంచగానే ఆల్కో బండి నల్లటి పొగ గుప్పుమని వదలడం మీకు తెలియనిది కాదు. మసి లేకపోతే అది మన బండి అనిపించదు.

ఇక నడపడం సంగతి. మేడ మీద గదిలో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల వేసి, పట్టాలు గుండ్రంగా పరిచాను. ఆరు ఇరుసుల బండి మరీ ఇరుకు మలుపు తిరగదు. అందుకని మలుపుకు ఇరవై రెండు అంగుళాల వ్యాసార్ధం ఇచ్చాను. పన్నెండు వోల్టుల డి.సి. కంట్రోలరు ఉంది. గోడలోంచి వచ్చే 230 వోల్టుల వైపు ఎవరూ చెయ్యి పెట్టకూడదని మనవడికి మొదటి పాఠం. రెండో పాఠం పట్టాలు తుడవడం. బండి ఆగి ఆగి నడుస్తోందంటే నూటికి తొంభైపాళ్ళు రోగం మోటారులో లేదు, పట్టాల మీద, చక్రాల మీద పేరుకున్న మురికిలో ఉంది. స్పిరిటు తడిపిన గుడ్డ పట్టం మీద పరిచి, ఒక బోగీ గుడ్డ మీద, ఒక బోగీ పట్టం మీద ఉంచి కరెంటు ఇస్తే చక్రాలు వాటంతట అవే తుడుచుకుంటాయి.

మనవడు మొదటిరోజు కంట్రోలరు చివరిదాకా తిప్పేశాడు. బండి ఆరు సెకన్లలో చుట్టు తిరిగింది. వాడికి లెక్క చేసి చూపించాను. చుట్టు ఇంచుమించు ఆరు మీటర్లు. 87 రెట్లు చేస్తే అది గంటకు మూడు వందల కిలోమీటర్ల పైన! అసలు బండికి అనుమతి 120. గంటకు అరవై వేగం రావాలంటే చుట్టు తిరగడానికి అరనిమిషం పట్టాలి. వాడు మొదట "ఇంత మెల్లగానా తాతయ్యా!" అన్నాడు. ఇప్పుడు గడియారం పెట్టుకుని నడుపుతాడు. కదిలీ కదలనట్టు బండిని కదిలించడం, పెట్టెలకు తగిలీ తగలనట్టు ఆనించడం వాడికి వచ్చేశాయి. మెల్లగా నడపడమే కష్టం. వేగంగా ఎవరైనా నడుపుతారు.

గత కార్తీకమాసంలో మేస్త్రి గారిని ఆటోలో తీసుకొచ్చి మేడ ఎక్కించాం. పన్నెండు మెట్లకు రెండుసార్లు ఆగారు. కుర్చీ వేసి బల్ల పక్కన కూర్చోబెట్టాం. మనవడు దీపం ఆర్పి, బండి ముందు లైటు వెలిగేలా మెల్లగా కదిలించాడు. చీకట్లో ఆ చిన్న వెలుగు మలుపు తిరిగి మా వైపు వచ్చింది. బాణంమొన పట్టీ కనిపించింది. ఆయన ముందుకు వంగి చూసి, "ఈసారి ఆరనిచ్చారు" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. ఏడెనిమిది చుట్లు తిరిగేదాకా అలాగే చూస్తూ కూర్చున్నారు.

ఆ బండి అసలుది ఇప్పుడు లేదు. ఎప్పుడో కండెమ్ చేసి ఇనుపతుక్కు కింద వేలం వేశారు. కరెంటు తీగలు వచ్చాక డబ్ల్యూ.డి.ఎం.2 బండ్లు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. ఆల్కో నుంచి వచ్చిన మొట్టమొదటిది మాత్రం ఢిల్లీ రైల్వే మ్యూజియంలో ఉంది, వెళ్ళినవాళ్ళు చూడండి. మన షెడ్డు రంగు మాత్రం ఏ మ్యూజియంలోనూ లేదు. అది మనలో కొందరి తలల్లో ఉంది. అక్కడ కూడా, నా తలలో ఉన్నట్టుగా, తప్పుగా ఉండే అవకాశమూ ఉంది.

అందుకని నేను కోరేది రెండే. మొదటిది, మీ ఇళ్ళల్లో పాత ఫోటోలు ఉంటే, వాటిలో బండి మూల కొంచెమైనా కనిపిస్తే, సంఘం కార్యాలయానికి తెచ్చి ఒకసారి చూపించండి. ఎవరు ఏ పని చేశారో వెనక రాసి పెట్టండి. డ్రైవర్ల పేర్లు గుర్తుంటాయి, అధికారుల పేర్లు పలకల మీద ఉంటాయి. రంగు వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు.

రెండోది, మీలో ఎవరైనా ఎప్పుడైనా తోటివాడి మీద ఒక కాగితం రాసి ఉంటే, అది తప్పని ఇప్పుడు తోస్తూ ఉంటే, బస్సెక్కి వెళ్ళిరండి. నాకు ఒక బొమ్మ దారి చూపించింది. మీకు బొమ్మ లేకపోయినా ఫరవాలేదు. నా అదృష్టం కొద్దీ నేను వెళ్ళేసరికి ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నారు. అందరికీ ఆ అదృష్టం ఉంటుందని చెప్పలేం.

మేస్త్రి గారు ఇవాళ సభకు రాలేకపోయారు, మోకాళ్ళ నొప్పులు. కానీ ఆయన అనుమతి తీసుకునే ఈ సంగతి మీ ముందు పెట్టాను. "చెప్పండి, కానీ పట్టీ బాణంమొన సంగతి కూడా చెప్పండి" అన్నారు. చెప్పాను. ఆ 1988 నాటి కాగితం మీద రాసినది తప్పని, ఆ రాత్రి తొందర నాదేనని, మీ అందరి సమక్షంలో చెబుతున్నాను. బండి ఆ బల్ల మీద ఉంచాను. టిఫిన్లు అయ్యాక అందరూ చూడవచ్చు. పిల్లలు ముట్టుకోవచ్చు, రంగు పూర్తిగా ఆరింది.